మెడ మీద సన్నని మచ్చ

"గిన్ని నీళ్లు తాగుతున్నవేందక్కా?" అంది, శంషాబాద్ బస్సులో నా పక్కన కూర్చున్న బురఖా ఆమె.

రక్తంలో కాల్షియం ఎక్కువైందని, ఈ దాహం, ఎముకల నొప్పి దానివల్లేనని, మెడలోని చిన్న గ్రంథిని ఆపరేషన్ చేసి తీయాలని డాక్టరు ఆ పొద్దునే చెప్పారు. ఆ సంగతి నేను మొదట చెప్పింది ఆమెకే.

ఆమె నావైపు తిరిగి, మెడ దగ్గర బట్ట జరిపి సన్నని మచ్చ చూపించింది.

"నాకు గూడ గదే. జర భయమైతది, గంతే. ఇంట్ల చెప్పినవా?"

"ఇంట్లో ఎవరూ లేరండీ."

ఆమె నా వేలు పట్టుకుని ఆ మచ్చ మీద ఆనించింది. మైలార్‌దేవ్‌పల్లిలో దిగిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెలకువ వచ్చాక, "మీవాళ్లెవరికైనా ఫోన్ చేయాలా?" అని నర్సు అడిగింది. నాకు గుర్తొచ్చింది బస్సులో కలిసిన ఆమె ఒక్కతే. పేరైనా అడగలేదు.