గొలుసు కట్టిన కోర్టినా

సొంత కారున్న మనిషి నా టాక్సీ ఎక్కడమేమిటని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఎక్కితే ఎక్కాడు, ఒళ్ళో స్టీరింగు పెట్టుకుని మరీ ఎక్కేవాడు. ఆ స్టీరింగు ఆయన కోర్టినా కారుదే. ఇంటి ముందు కారుని వదిలి అడుగు బయట పెట్టాలంటే ముందు దాన్ని ఊడదీసి చంకన పెట్టుకోవాల్సిందే. చర్చికి తెచ్చేవాడు, ఆస్పత్రికి తెచ్చేవాడు, పింఛను లైన్లో కూడా దానితోనే నిలబడేవాడు. నా టాక్సీ అంటే పదిమందీ కలిసి ఎక్కే వ్యాను, వెనక కూర్చున్నవాళ్ళకి అదొక పండగ.

"ఒరే స్టాన్లీ, బండి నువ్వు తోలుతున్నావా, టోలోగారు తోలుతున్నారా?" అని ఒకడు అరిచేవాడు.

"టోలోగారూ, కాస్త ఎడమకి కొట్టండి, మా సందొచ్చేసింది!" అని ఇంకొకామె అందుకునేది.

ఆయన నవ్వేవాడు కాదు. స్టీరింగుని గుండెలకి ఇంకాస్త హత్తుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. అసలు పేరు విల్బర్‌ఫోర్స్ సిగ్వెలా. మా న్యూబ్రైటన్‌లో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే చెంప పగులుతుంది కాబట్టి, వంశం పేరుతో ఊరందరికీ ఆయన టోలో. ఆయన భార్య క్వాయీ వంశం ఆడపడుచు, అందుకని మాక్వాయీ.

పోర్ట్ ఎలిజబెత్‌లో సగం మంది మగాళ్ళలాగే టోలో కూడా కార్ల ఫ్యాక్టరీలోనే జుట్టు నెరిపించుకున్నాడు. తలుపులకి తాళాలు బిగించే పని. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో వెన్నరంగు పాత కోర్టినా ఒకటి కొన్నాడు. దాన్ని రోజూ తుడిచేవాడు. అక్కడితో ఆగి ఉంటే నాకీ కథే లేదు. ఆ ఏడు వెనక వీధిలో ఎవరిదో కారు పోయింది. అంతే, ఆయనకి పిచ్చి పట్టుకుంది.

"బిగించినవాణ్ణి నేను. బిగించిందేదైనా ఊడుతుంది, స్టాన్లీ. ఆ సంగతి నాకు తెలిసినట్టు నీకేం తెలుసు?" అనేవాడు.

మొదట గేర్ లాక్ పెట్టించాడు. తర్వాత స్టీరింగుకి అడ్డంగా ఒక ఇనప కడ్డీ. తర్వాత చక్రానికి బిగించే పసుపు రంగు ఇనప పట్టా ఒకటి. అదీ చాలక ఇంటి ముందు గొయ్యి తీసి, కాంక్రీటు పోసి, అందులో ఒక కడియం పాతి, ఓడ లంగరుకి కట్టేంత లావు గొలుసుతో కారుని దానికి కట్టేశాడు. పెట్రోలు ఆగిపోవడానికి ఎవరికీ కనపడని చోట ఒక చిన్న కొళాయి పెట్టించాడు. బ్యాటరీ పీకి మంచం కింద దాచాడు. ఇన్ని చేశాక కూడా నిద్ర పట్టక చివరికి ఆ స్టీరింగు ఊడదీయడం మొదలుపెట్టాడు. స్టీరింగే లేని కారుకి స్టీరింగ్ కడ్డీ ఎందుకయ్యా అని అడిగితే, "దొంగ తన స్టీరింగు తాను తెచ్చుకుంటే?" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం!

ఇవన్నీ విప్పాలంటే సగం పొద్దు, మళ్ళీ బిగించాలంటే మిగతా సగం. అందుకని కారు తీయడమే మానేశాడు. పక్కనే కారుండగా మాక్వాయీ మాత్రం గురువారం గురువారం ప్రార్థనకి చర్చి ఆడవాళ్ళంతా వేసుకునే ఎర్ర జాకెట్టు, నల్ల పావడా, తెల్ల టోపీ వేసుకుని, మా ఊరి దిక్కుమాలిన గాలికి టోపీ ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, మూలమలుపు దగ్గర నా టాక్సీ కోసం నిలబడేది. ఆవిడ ఒక్కనాడు కూడా పల్లెత్తు మాట అనలేదు.

అలాంటావిడని చర్చి ఆడవాళ్ళంతా కలిసి తమ సంఘానికి పెద్దగా ఎన్నుకున్నారు. ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ ఆ బాధ్యత అప్పగిస్తారు. ఆ కబురు తెలిసిన రోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ నా బండిలోనే ఉన్నారు, వాళ్ళ మధ్య స్టీరింగు కూడా ఉంది.

"టోలో, ఆదివారం చర్చి గేటు దగ్గర నేను మన కార్లోంచి దిగాలి. ఆడవాళ్ళంతా పాడుతూ నిలబడతారు. మీరు తలుపు తీయాలి, నేను దిగాలి. ఇంతవరకు మిమ్మల్ని ఏదీ అడగలేదు నేను," అంది మాక్వాయీ.

"దానికేం భాగ్యం, అలాగే," అన్నాడాయన.

"మాటిచ్చారు. స్టాన్లీ విన్నాడు."

"నేను రోడ్డు చూస్తున్నానమ్మా, నాకేం వినపడలేదు," అన్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య సాక్ష్యం చెప్పడానికి నాకేం ఖర్మ?

"విన్నావు," అంది ఆవిడ.

ఆదివారం పొద్దున్న పాటల బృందం ఆడవాళ్ళని ఎక్కించుకుని వెళ్తుంటే టోలో ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. బండి ఆపాను. టోలో సూటూ బూటూ వేసుకుని, కారు తలుపు పక్కన, చేతిలో సగం తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. మిగతా సగం తలుపులో ఉండిపోయింది.

"పోనీ, ముందు గొలుసూ అవీ విప్పండి, తలుపు సంగతి తర్వాత చూద్దాం," అన్నాను.

ఆయన నీళ్ళు నమిలాడు. "వాటి తాళంచెవులు లోపలున్నాయి."

"ఇంట్లోనా?"

"కార్లో. స్టాన్లీ, న్యూబ్రైటన్ మొత్తంలో నా కారుకన్నా భద్రమైన చోటెక్కడుందో నువ్వు చెప్పు!"

చెప్పాలనే అనిపించింది, ఆదివారమని ఊరుకున్నాను. మాక్వాయీ అరుగు మీద నిలబడి ఉంది. జాకెట్టు ఇస్త్రీ నలిగిపోతుందని కూర్చోలేదు. టోపీ కాగితంలా తెల్లగా ఉంది. నా బండిలో తీసుకెళ్తానమ్మా, రండి అన్నాను.

"టాక్సీలో రోజూ వెళ్తూనే ఉన్నాగా, తమ్ముడూ," అంది. అని మొహం పక్కకి తిప్పుకుంది. నాకు టోలో నెత్తిన ఆ ఇనప పట్టా వేసి బిగించాలన్నంత కోపం వచ్చింది.

"అద్దం పగలగొట్టండి!" అని ఎవరో అరిచారు.

"అమ్మో, అద్దమా! ఆ అద్దం ఇప్పుడు ఎక్కడా దొరకదు!" అంటూ టోలో కారుకి అడ్డంగా చేతులు చాపాడు. మాక్వాయీ ఆయన వంక చూసిన చూపుకి నేనైతే అక్కడే పడి చచ్చేవాణ్ణి.

సరిగ్గా అప్పుడు ఎదురింటి ఫెజీలే చర్చికి బయలుదేరి వీధిలోకి వచ్చాడు. ఫెజీలే కుర్రతనంలో ఎత్తుకుపోయిన కార్లన్నీ వరసగా నిలబెడితే సముద్రం దాకా వస్తాయి. జైలుకి వెళ్ళొచ్చాక దేవుణ్ణి నమ్ముకున్నాడు. ఇప్పుడు చర్చి మగాళ్ళు వేసుకునే చేతుల్లేని ఎర్ర కోటు తొడుక్కుని, మగాళ్ళ పాటల్లో అందరికన్నా గట్టిగా అరుస్తాడు. మేమంతా ఒక్కసారి అతని వంక తిరిగాం.

"నా వంక చూడకండి," అన్నాడు ఫెజీలే రెండడుగులు వెనక్కి వేసి. "పాస్టరుగారి ముందు ప్రమాణం చేశాను. ఇంకొకరి కారు తలుపు మీద ఈ చేతులు వెయ్యనని. అయినా టోలోగారూ, ఆ పసుపు పట్టా నేను జైలు నుంచి వచ్చిన వారంలోనే కదా కొన్నారు?"

టోలో బూట్ల వంక చూసుకున్నాడు. "అదీ... అప్పుడు చవగ్గా ఇస్తున్నారు, నాయనా."

వీధంతా గొల్లుమంది. మాక్వాయీ మాత్రం నవ్వలేదు. అరుగు దిగి వచ్చింది.

"చేతుల మీదే కదా ప్రమాణం, ఫెజీలే? నోటి మీద కాదుగా?"

"నోటి సంగతి పాస్టరుగారు అడగలేదమ్మా."

"అయితే చేతులు జేబుల్లో పెట్టుకుని నోటితో చెప్పు. మా ఆయన చేస్తాడు. తన కారు తను దొంగిలించుకుంటే ఏ దేవుడూ ఏమీ అనుకోడు."

అలా మొదలైంది. ఫెజీలే చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుని నిలబడ్డాడు. టోలో కోటు విప్పి, ఒక తీగముక్క పట్టుకుని తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అయ్యో, అలా పొడవకండి, అదేమన్నా పందికొక్కా! నెమ్మదిగా. కళ్ళు మూసుకోండి. ఆఁ, ఇప్పుడేమన్నా తగిలిందా?"

"తగిలింది!"

"అది కాదు. వదిలెయ్యండి. ఇంకాస్త కిందికి. బాబూ, ఆ ముసలాయన్ని ఎవరూ నవ్వించకండి, చెయ్యి కదులుతోంది!"

టాక్సీలో ఉన్న ఆడవాళ్ళు కూడా దిగొచ్చి తలో మాటా అందిస్తున్నారు. ఇంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది. "ఎవరిదీ కారు?" అన్నాడు లోపలున్న పోలీసు.

"నాదే," అన్నాడు టోలో, చేతిలో తీగతో.

"ఆయనదే సార్. నేను ఊరికే నేర్పిస్తున్నాను," అన్నాడు ఫెజీలే, సాయం చేస్తున్నాననుకుని. పోలీసు ఫెజీలేని గుర్తుపట్టాడు, జీపు తలుపు తీశాడు. అప్పుడు మాక్వాయీ అతని ముందుకెళ్ళి, "నాయనా, చర్చికి ఆలస్యమవుతోంది," అంది. అంతే. ఆ ఎర్ర జాకెట్టుతో వాదించే మగాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. జీపు వెళ్ళిపోయింది.

టక్కుమని చప్పుడైంది. తలుపు తెరుచుకుంది! జనం ఈలలు వేశారు. ఫెజీలే నోరు వెళ్ళబెట్టి, "టోలోగారూ, ఫ్యాక్టరీలో మీ జీవితం వృథా అయిపోయిందండీ. మీలాంటి చెయ్యి నాకు దొరికుంటే నేను జైలుకే వెళ్ళేవాణ్ణి కాదు," అన్నాడు.

"అంతేనంటావా?" అని టోలో మురిసిపోయాడు. సిగ్గూ శరమూ ఉండాలి మనిషికి!

తాళంచెవులు బయటికొచ్చాయి. తలో చెయ్యీ వేసి గొలుసు లాగాం, పట్టా ఊడదీశాం, మంచం కింద నుంచి బ్యాటరీ మోసుకొచ్చాం. స్టీరింగు బిగించాడు. తాళం తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు కొళాయి! అది ఎక్కడ పెట్టించాడో ఆయనకే గుర్తులేదు. బానెట్టు ఎత్తాడు, కింద దూరాడు, నెత్తి కొట్టుకున్నాడు.

"మీ సీటు కింద, ఎడమ పక్క," అంది మాక్వాయీ. "నిద్రలో అదేగా కలవరిస్తారు."

కారు కదిలింది. వెనక నా టాక్సీ. చర్చి గేటు దగ్గర ఎర్ర జాకెట్లు రెండు వరసలుగా నిలబడి పాట ఎత్తుకున్నాయి. టోలో దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీశాడు. మాక్వాయీ దిగింది. ఆ క్షణం ఆవిడ మొహం చూసి, అబద్ధమెందుకు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్కడితో ఊరుకున్నాడా ఆ మహానుభావుడు! వెనక్కెళ్ళి మళ్ళీ కార్లో కూర్చున్నాడు.

"మీరు రారా?" అంది ఆవిడ.

"నేనిక్కడే ఉంటాను, మాక్వాయీ. తాళాలన్నీ ఇంటి దగ్గరే పడున్నాయి. తలుపు కూడా సరిగ్గా పడటం లేదు. నువ్వు వెళ్ళు, ఇక్కణ్ణుంచి పాట వినపడుతుంది."

ఆడవాళ్ళ పాట ఆగిపోయింది. మాక్వాయీ కిటికీ దగ్గరికి వంగింది. గొంతు పెంచలేదు, అయినా అందరికీ వినపడింది.

"ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో నేనూ ఉన్నాను, టోలో. నాకు గొలుసు లేదు, కడ్డీ లేదు. నన్నెవడన్నా ఎత్తుకుపోయి ఉంటే మీకు ఎప్పుడు తెలిసేది? అన్నం వేళకా?"

ఆయన స్టీరింగు మీంచి చేతులు తీశాడు. తర్వాత దిగాడు. తలుపు వేశాడు, అది మళ్ళీ తెరుచుకుంది. ఇంకోసారి వెయ్యబోయి, ఆగి, ఆవిడ వెనకే లోపలికి నడిచాడు.

నేను వెనక బల్ల మీద కూర్చుని ప్రార్థన వినకుండా ఆయన్నే చూశాను. మొదట్లో బయట ఏ బండి చప్పుడైనా మెడ కిటికీ వైపు తిరిగేది. కాసేపటికి మాక్వాయీని ముందుకి పిలిచి ఆ బాధ్యత అప్పగించారు. ఆవిడ ఊళ్ళో దిక్కులేని ముసలమ్మల కోసం ప్రార్థన ఎత్తుకుంది. కాగితం లేదు, తడబాటు లేదు, మాట వెంట మాట వస్తూనే ఉంది. చర్చి అంతా ఆమెన్ ఆమెన్ అంటోంది. బయట లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. టోలో మెడ తిరగలేదు.

ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళని దింపడానికి గేటు దగ్గర బండి పెట్టాను. టోలో, మాక్వాయీ కూడా మాట్లాడుకుంటూ వచ్చారు. ఆవిడ బైబిలూ సంచీ ఆయన చేతిలో ఉన్నాయి.

"అలా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు? ఆ ముసలమ్మల గురించి చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంట్లో ఎప్పుడూ అనలేదే నువ్వు?" అంటున్నాడాయన.

"అంటూనే ఉన్నాను. గురువారం గురువారం."

"మళ్ళీ ఒకసారి చెప్పు."

ఆ మాటల్లోనే టోలో కారు పక్కనుంచి నడిచి వచ్చి, ఆవిడకి చెయ్యి అందించి, నా టాక్సీలోకి ఎక్కించి, పక్కన తనూ కూర్చున్నాడు. కారు సంగతి గుర్తుచేద్దామని నేను నోరు తెరిచాను. కోర్టినా గేటు దగ్గరే ఉంది, తలుపు బార్లా తెరుచుకుని గాలికి ఊగుతోంది.

మాక్వాయీ కూడా దాన్ని చూసింది. తర్వాత అద్దంలోంచి నన్ను చూసింది.

"నువ్వు రోడ్డు చూసుకో, స్టాన్లీ," అంది.

చూసుకున్నాను. వెనక ఆవిడ చెబుతోంది, ఆయన వింటున్నాడు.