మడత చూసి నిద్ర చెప్పే శారదక్క

కొత్త పట్టుచీర వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆవులింత వస్తుంది. నవ్వకండి. చిక్కపేటలో చీరల అంగడి నడిపిన శారదక్క అంటించిన జబ్బు ఇది.

ఆమె దగ్గర నేను చీరలు చూపించే పనిలో చేరేనాటికి మా అమ్మాయి పసిగుడ్డు. రాత్రంతా ఏడ్చేది. పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో అంగట్లో కూర్చునేదాన్ని. విప్పిన చీరను పాత మడత మీదే తిరిగి మడవాలి; గీత తప్పితే కొత్త చీర కట్టి విడిచినదానిలా కనబడుతుంది. శారదక్క మా ముఖాలు చూసేది కాదు, మడతలు చూసేది. "నిద్ర లేదు కదమ్మే నీకు?" అనేది.

ఒకరోజు పెళ్ళివారు అంగట్లో చీరలు పరిచి చూపే పరుపు నిండా చీరలు విప్పించి, "మీ దగ్గర రంగులే లేవు" అని లేచిపోయారు. రోజూ వినే మాటే. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు మెట్లు దిగగానే చేతిలో చీర పడేసి, "రేపట్నుంచి నేను రానక్కా, నా వల్ల కాదు" అన్నాను. ఆ జీతం లేకపోతే మా ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు.

ఆమె బతిమాలలేదు, కోప్పడలేదు. తెల్ల పరుపు మీది చీరలు పక్కకు జరిపింది. "నిద్ర లేనోళ్ళ మాట నేను పట్టించుకోను. ఇంకేం మాట్లాడకుండా సుమ్మనె పండుకో. లేచినాక ఇదే మాట చెప్పు, ఒప్పుకుంటాను" అంది. గిరాకీ వేళ, అంగడి మధ్యలో, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి చీరలన్నీ ఆమే మడిచిపెట్టింది. "ఏమ్మే, ఏందో చెప్తా ఉంటివి?" అని అడిగింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఏళ్ళ తర్వాత, భర్త ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, ఆమె మడతే గీత తప్పింది. ఎవరో చీర పొడవు అడిగినందుకు, "అంగడి మూసేస్తాను, అందరూ పోండి!" అని అరిచింది. నేను పరుపు మీది చీరలు జరిపాను. కొట్టేలా చూసి, కాసేపటికి చిన్నపిల్లలా ముడుచుకుని పడుకుంది. సాయంత్రం దీపం పెట్టి తనే వ్యాపారం చేసింది.

ఇప్పుడు శారదక్క లేదు. మొన్న ఉదయం మా అమ్మాయి సర్జాపుర రోడ్డులోని కంపెనీలో నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే, "అమ్మా, రిజైన్ చేసేస్తున్నా" అంది.

"పండుకో. లేచినాక ఇదే మాట చెప్పు, ఒప్పుకుంటాను."

సాయంత్రం లేచింది. కాఫీ తాగుతూ, తొందర లేకుండా, అదే మాట చెప్పింది. ఒప్పుకున్నాను.