కట్టమ్మ చేసిన ఫోన్

2024 ఆగస్టు 17, శనివారం. ఆ సాయంత్రం ‘పశువుల పలకరింపు’ కార్యక్రమం ఇంకా ముగియకముందే చానల్‌కు నలభై మూడు ఫోన్లు వచ్చాయి. అంతకుముందు ఎన్నడూ ముప్పై దాటలేదు. ప్రొడ్యూసర్ సుదర్శన్ ఆ అంకెను మెసేజ్ పెడితే, హన్మకొండలోని తన ఇంట్లో బియ్యం కడుగుతున్న హెప్సిబా తడిచేత్తోనే చూసుకుంది. అదే సమయంలో ముందుగదిలోని టీవీలో ఆమే మాట్లాడుతోంది. తెర మూలన ‘లైవ్’ అని ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి. నిజానికి ఆ కార్యక్రమం మంగళవారమే చిత్రీకరించారు.

హెప్సిబా రఘునాథపల్లిలో పదకొండేళ్లు పశువైద్యురాలు. గర్భస్రావమైన ఒక బర్రెకు వైద్యం చేస్తుండగా ఆమెకు బ్రూసెల్లా జ్వరం అంటుకుంది. జ్వరం తగ్గినా కీళ్లనొప్పులు మిగిలాయి. కుడిచేయి భుజం దాటి లేవదు. ఈనలేక అవస్థపడే పశువు కడుపులోకి చేయి పెట్టలేనప్పుడు తానెందుకని కుమిలిపోతున్న రోజుల్లోనే చానల్ వాళ్లు పిలిచారు. చేయి పోయినా నోరుంది, ఒక్క మాట వంద ఊళ్లకు చేరుతుంది అనుకుంది. ఆ నమ్మకంతోనే ఉద్యోగం వదిలింది. మూడేళ్లుగా దాన్ని పట్టుకునే బతుకుతోంది.

కార్యక్రమం చూస్తూ ఫోన్ చేసేవాళ్ల ప్రశ్నలను ఆఫీసులో ఒక అమ్మాయి రాసుకుంటుంది. వాటిలో కొన్నింటికి హెప్సిబా తర్వాతి మంగళవారం జవాబు చెబుతుంది. ‘లైవ్’ అన్న మాట తీసేయమని ఆమె మొదట్లోనే అడిగింది.

“లైవ్ అంటెనే జనం చూస్తరు మేడం. జవాబైతే ఇస్తానం గద, జర లేటుగ,” అన్నాడు సుదర్శన్.

ఆమె మళ్లీ అడగలేదు.

ఆదివారం హెప్సిబా చర్చిలో ఆరాధన ముగించుకొని బయటికి వచ్చేసరికి, రఘునాథపల్లి పశువుల దవాఖానాలో సహాయకుడైన కొమురెల్లి ఫోన్ చేశాడు.

“నమస్తే మేడం. టీవీల మస్తు తెల్లగ కనవడ్తాండ్రు,” అని నవ్వి, గొంతు తగ్గించాడు. “కట్టమ్మ బర్రె సచ్చిపోయింది. దూడ గూడ దక్కలె. గర్భసంచి మెలిక వడ్డది. కొత్త డాక్టరు సారుకు నిన్న మాపటికే జెప్తె బతుకుతుండె.”

మెలిక ఎలా విప్పాలో హెప్సిబాకు బాగా తెలుసు. కొన్నేళ్ల కిందట కట్టమ్మ కొట్టంలోనే తాను మరో బర్రెను పడుకోబెట్టించి, డొక్క మీద చెక్కపలక ఆనించి, కాళ్లకు తాళ్లు కట్టి నలుగురు మగవాళ్ల చేత దొర్లించింది. ఆనాడు దూడ బతికింది. అప్పటినుంచి కట్టమ్మకు వేరే డాక్టరు మీద గురి లేదు.

మధ్యాహ్నానికి హెప్సిబా రఘునాథపల్లి చేరింది. కట్టమ్మ కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. కోపం చూపించలేదు. ఆమె భర్త మొగిలి మాత్రం గోడకు ఆనుకొని, ఎవరినీ చూడకుండా అన్నాడు: “సర్కారు డాక్టరుకు ఫోన్ కొట్టమని నెత్తి కొట్టుకొని చెప్పిన. ఇంటదా? ‘మనమ్మ ఎదురుంగ కనవడ్తాంటె ఇంకెవలెందుకు’ అన్నది.”

“నువ్వూకో,” అంది కట్టమ్మ. తర్వాత హెప్సిబా వైపు తిరిగింది. “ఫోన్ల ఒక పిల్ల మాట్లాడింది బిడ్డా. రాసుకున్న అన్నది. నీకు జెప్పకపోయిందా? టీవీ సౌండు పెంచుకొని కూసున్న, నా పేరు పిలుస్తవని.”

“అది మంగళవారం తీసింది అమ్మా. నిన్న నేను ఇంట్ల ఉన్న.”

కట్టమ్మ ఇంట్లోని టీవీ వైపు, తర్వాత హెప్సిబా వైపు చూసింది.

“అంటె నువ్వు ఆడ లేవు.”

“లేనమ్మా.”

“మరి ‘మీ ఫోన్ కోసం చూస్తున్నాను’ అంటివి. ఎవలి కోసం చూసినవు బిడ్డా?”

హెప్సిబా లేచి కొట్టంలోకి వెళ్లింది. కొట్టంలో తాళ్లు, నిన్నటి గడ్డి అలాగే ఉన్నాయి. ఆ గడ్డిని ఎత్తి బయట వేయబోయింది కానీ కుడిచేయి సహకరించలేదు. మొగిలి వచ్చి ఆమె చేతిలోంచి గడ్డి తీసుకున్నాడు.

తర్వాతి వారం ఆమె ‘లైవ్’ తీసేయమని మరోసారి అడిగింది. సుదర్శన్ నలభై మూడు ఫోన్ల సంగతి గుర్తు చేశాడు. దాంతో శనివారం సాయంత్రం ఆమె తానే ఆఫీసుకు వెళ్లి, ఫోన్లు ఎత్తే అమ్మాయిని లేపి ఆ కుర్చీలో కూర్చుంది. మొదటి ఫోన్ ఏటూరునాగారం దగ్గరి ఒక ఊరినుంచి వచ్చింది. ముసలాయన గొంతు. ఆవు కడుపుబ్బి కింద పడిపోయిందట.

“నేను డాక్టర్ హెప్సిబాను మాట్లాడుతున్న. చెప్పు తాతా, ఎంతసేపాయె?”

“పరాచకాలాడకు బిడ్డా. డాక్టరమ్మ టీవీల మాట్లాడుతాంది, నాకు కనవడ్తలేదా?”

“అది ముందుగాల తీసింది తాతా. నేనే నిజంగ. మీ దగ్గర పశువుల డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చెయ్యి, ఆలస్యం చెయ్యకు.”

“ఆమె మాటనే ఇంట నేను. నీకేం ఎరుక,” అన్నాడాయన. “ఆమె మాట్లాడుడు అయినంక ఫోన్ ఆమెకియ్యి. అందాక ఆగుత.”

ఆమె ఎంత చెప్పినా ఆయన మళ్లీ పలకలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. అవతలి టీవీలోంచి, దాణా గురించి తాను చెబుతున్న మాటలు హెప్సిబాకు స్పష్టంగా వినిపించాయి.