నత్తి పిల్లోడి నవల

ఎనభైల మొదట్లో, హిందూపురంలో టీచరుగా పనిచేస్తా ఒక నవల రాసినాను. ధర్మవరంలో ఒక పదహారేండ్ల పిల్లోడు. కరెంటు పోయినప్పుడల్లా మగ్గాల వీధిలో వానికి దెయ్యాలు కనపడతాయి. మనుషుల ముందర వానికి నోరు తిరగదు, నత్తి. దెయ్యాలతో మాత్రం గడగడా మాట్లాడతాడు. కడాకు ఊరిని కాపాడేది వాడే.

ఆ నత్తి మా తమ్మునిది. పదహారేండ్లకే విషజ్వరమొచ్చి పోయినాడు. వాణ్ణి నవలలో పెట్టినానని ఎవరికీ చెప్పలేదు, ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఉన్న నాయనకు గూడా. ఆయనకు చదువు రాదు.

పుస్తకం అచ్చయినాక, నవలలు బాడుగకిచ్చే అంగడికి పోయినాను.

"పోతాండాది మేడమ్," అన్నాడు అంగడాయన. "తిరిగిచ్చేటప్పుడే అందరూ నన్ను తిడతాండారు."

పక్కన నిలబడిన ఒకామె, రాసింది నేనేనని తెలియక, "దెయ్యాలు పాడుబాయిల్లో ఉంటాయి గానీ కరెంటు తీగల మీద కూర్చుంటాయా? రాసినామెకు మతి ఉండాదా?" అనింది. కాలేజీ పిల్లోడొకడు అందుకున్నాడు: "హీరోకు నత్తేంది? వాడు డైలాగు చెప్పేలోపల దెయ్యం నిద్దరపోతాది." అంగడాయన నా ముఖం చూసి, పక్కకు తిరుక్కొని నవ్వినాడు.

తర్వాత పెనుకొండలో ఆ నవల మీద సభ పెట్టినారు. కూతురికి సన్మానమంట అని నాయన ఉతికిన పంచె కట్టుకొనొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

మొదట మాట్లాడిన రిటైర్డు లెక్చరరు, పిల్లల కతకు ఎక్కువ, పెద్దల నవలకు తక్కువ అని తేల్చేసినాడు. ఆయన తర్వాత ఒక గుమాస్తా లేచి, హీరో ఎట్లా మాట్లాడతాడో చూపిస్తానన్నాడు. నోరు వంకర పెట్టి, మెడ ఎగరేసి, "అ... అ... అ..." అని సాగదీసినాడు. సభంతా పగలబడి నవ్వింది. పక్కోళ్లను చూసి నాయన గూడా నవ్వినాడు. గుమాస్తాకు ఇంకా హుషారొచ్చింది.

"అ... అ... అక్కా, నా... నాకు బయం లే... లేదు!"

నాయన నవ్వు నిలిచిపోయింది. తమ్ముడు ఆసుపత్రి మంచం మీద నాతో అన్న కడపటి మాట అది. దాన్నే నవలలో పిల్లోని నోట పెట్టినాను. ఆ పొద్దు నాయన వాని తలకాడే కూర్చోనుండె.

ఆయన లేచి బయటికి పోయినాడు. శాలువా సభ పెట్టినోళ్ల చేతుల్లోనే వదిలేసి నేనూ వెనకాలే పరుగెత్తినాను. బస్టాండు కాడ అందుకున్నాను.

"నాయనా, కతలో వాడు చావడు. గెలుస్తాడు. వానికోసమే రాసినా."

"గెలిస్తే ఏమొచ్చె? మనింట్లో ఉండాడా?" నాయన నా ముఖం చూడలేదు. "బతికినన్నాళ్లూ వాణ్ణి చూసి ఊరు నవ్వె. సచ్చినోణ్ణి తవ్వి తీసి మళ్లా నిలబెడితివే. వాణ్ణి చూసి నన్ను గూడా నవ్విస్తివే."

ధర్మవరం బస్సొచ్చింది. నేనూ ఎక్కబోతే, "నువ్వు రావద్దు. పో, ఆడ పూలదండేస్తారు, ఏయించుకో," అన్నాడు.

మరుసటేడు మళ్లా అచ్చేస్తా ప్రచురణకర్త ఆ నత్తి తీసేయమన్నాడు. తీసేసినాను. ఈసారి పుస్తకం బాగా అమ్ముడుపోయింది. పిల్లోడు ఇప్పుడు చక్కగుండాడని చదివినోళ్లంతా మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు నాయన మాట్లాడినాడు గానీ, తమ్ముని పేరు మాత్రం చనిపోయేదాకా నా ముందర ఎత్తలేదు.