కుక్కకు స్నానం, వంకాయ కూర

నా చిన్నప్పుడు బాగన్ దాతుక్ దగ్గర మా కొబ్బరి తోట మొత్తానికి రేడియో ఉన్న ఇళ్ళు రెండే. ఒకటి దొర బంగళా, అటు తొంగిచూసే ధైర్యం మాకెవరికీ లేదు. రెండోది మా పక్కనే ఉన్న కిరాణీ ఇల్లు. తోట ఆఫీసులో రాతకోతలు చూసే గుమాస్తాను మేం కిరాణీ అనేవాళ్ళం. ఆయన భార్య మా తెలుగావిడే, మిషన్ బడిలో ఇంగ్లీషు చదువుకుంది. నాకు ఆవిడ పక్కింటి అక్క.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మమ్మకు జబ్బని మా అమ్మ చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని సముద్రం దాటి మా పెద్దల దేశం వెళ్ళింది. తిరిగి రావడానికి ఫలానా రోజున మద్రాసులో ఓడ ఎక్కుతున్నామని ఉత్తరం వచ్చింది గానీ ఓడ రాలేదు. రావలసిన రోజు దాటి వారమైంది. పెనాంగు రేవుకు వెళ్ళిన నాన్న దగ్గర్నుంచీ కబురు లేదు. నడిసముద్రంలో తుఫాను పట్టిందని సరుకుల కొట్టు దగ్గర ఎవరో అన్నారట. ఆ మాట చెవినపడ్డప్పటి నుంచి మా నానమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆవిడ తినకపోతే నాకూ ముద్ద దిగలేదు.

మర్నాడు ఒకటే వాన, తోటలో పని లేదు. నానమ్మ నా చెయ్యి పట్టుకుని అక్క గుమ్మంలోకి వెళ్ళి, ఆ పెట్టెలో మాట్లాడే దొరని మా ఓడ సంగతి అడగమంది. పెట్టెలోని మనిషికి మన మాట వినపడదని అక్క నెమ్మదిగా చెప్పి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టి రేడియో తిప్పింది. ఆ బ్యాటరీని కిరాణీ ప్రాణంలా చూసుకునేవాడు, రోజుకు గంట మించి పెట్టనిచ్చేవాడు కాదు. ఆయన పని మీద తెలుక్ అన్సన్ పట్నం వెళ్ళిన రోజది. అక్క దాన్ని సాయంత్రం దాకా ఆపలేదు.

గరగరల మధ్య ఎడతెగని ఇంగ్లీషు. గొంతు మారినప్పుడల్లా పెట్టె వైపు జరిగేదాన్ని. మునిగిందని ఇప్పుడే చెప్తాడు, ఇదుగో ఇప్పుడే చెప్తాడు అని గౌను అంచు నలుపుతూ కూర్చున్నాను. ముందు క్యాబేజీ నారు గురించి ఒక పెద్దమనిషి, తర్వాత పిల్లల కథ, ఆ తర్వాత ఎవరో పాదిరి. అన్నీ అక్క మాకు తెలుగులో చెప్పేది. కాసేపటికి ఒకాయన కుక్కకు స్నానం ఎలా చేయించాలో మొదలుపెట్టాడు. నానమ్మకు ఒళ్ళు మండిపోయింది.

“నా కోడలు సంద్రంలో ఉంటే, కుక్కకి నీల్లోసేది సెప్తాడేటి వీడు!”

“అదే మంచిది మామ్మా. ఓడకేటైనా అయితే ఆల్లు కుక్క ఊసెత్తుతారా? అన్నీ ఆపేసి ముందదే సెప్పరా?” అంది అక్క.

నానమ్మ తలూపింది. అప్పటి నుంచి ఎంత పనికిమాలిన సంగతి వస్తే మాకు అంత ఊరట. ఆ కుక్కను ఇంకాసేపు తోమితే బాగుండునని నేను దేవుడికి మొక్కుకున్నాను.

గంజి కాస్తానని అక్క వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళ కోసం వెనకాలే వెళ్ళిన నాకు, పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తూ కనిపించింది. నన్ను చూసి దగ్గరికి లాక్కుంది. “మన ఓడ ఒకటుందని కూడా ఆ పెట్టెలో ఆల్లకి తెల్దు తల్లీ. మీ నానమ్మకి సెప్పకు. నాలుగు మెతుకులు తిననీ,” అంది.

నేను తిరిగి వచ్చేసరికి పెట్టెలో కొత్త గొంతు, బరువుగా, తాపీగా. నానమ్మ నా వైపు తిరిగి, “ఇప్పుడేటి సెప్తన్నాడే?” అంది.

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. “వంకాయ కూర, నానమ్మా. ఎలాగొండాలో సెప్తన్నాడు,” అన్నాను.

నానమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. “అయితే పర్నేదు,” అని గంజి తెమ్మంది. తాను రెండు గుక్కలు తాగి, మిగిలింది నాతో తాగించింది. చీకటి పడకముందే బ్యాటరీ చచ్చిపోయింది. ఆ వారమంతా కిరాణీ అక్కతో మాట్లాడలేదు.

మూడో రోజున నాన్నతోపాటు అమ్మ వచ్చింది. ఓడలో మశూచి కనబడిందని రేవుకు రానివ్వకుండా ఒక దీవి దగ్గర ఆపేశారట. అమ్మ చిక్కి సగమైంది, తమ్ముడు మాత్రం ఊరంతా వినపడేలా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వినాలని పది రోజులుగా చెవులు కోసుకున్న నానమ్మ, నోరు ముయ్యరా వెధవా అంటూ తానే ఏడ్చింది.

నా పెళ్ళి ముందు నానమ్మ దగ్గర ఆ అబద్ధం ఒప్పుకున్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. “నీకు ఇంగ్లీసెప్పుడొచ్చినాదే? నేను తింటే గాని నువ్వు తినవు, అందుకే తాగినాను,” అంది.

మొన్నామధ్య ఇపో ఆసుపత్రిలో మా ఆయనకు ఆపరేషన్ జరిగింది. డాక్టరు గబగబా ఇంగ్లీషులో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. పొద్దుట్నుంచి ఏమీ తినని మా అమ్మాయి పరుగున వచ్చి, ఏమన్నాడమ్మా అని అడిగింది. అంతా బాగానే ఉందన్నాడని చెప్పి, క్యారియర్ విప్పి, మొదటి ముద్ద నేనే నోట్లో పెట్టుకున్నాను. మంచినీళ్ళతో మింగాను. అమ్మాయి నా మొహంలోకి చాలాసేపు చూసి, పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. నాకు ఇంగ్లీషు రాదని దానికి తెలుసు.