ఎర్ర నీళ్ళకు ఇనుప మందు

నేను బయటికి వెళ్ళే ముందు నా చేతిసంచీని నా భార్య సుగుణ ఒకసారి తెరిచి చూసేది. ఆమె పోయాక చూసేవారు లేరు. కిందటేడు పెడనలో నేను ఎలా నవ్వులపాలయ్యానో చెబుతాను, వినండి. ఆ రోజూ ఆమె సంచీ చూసింది. నేనే మాట వినలేదు.

ఆ ఊళ్ళో సుగుణ పుట్టింటివారిది కలంకారీ అద్దకం. రంగు గుడ్డలు ఉతికిన నీళ్ళు ఇంకి ఇంకి, పెరటి నుయ్యి ఎర్రబడింది. మా బావమరిది వీర్రాజు దాన్ని పూడ్చడానికి మట్టి ట్రాక్టరు మాట్లాడేశాడు. సుగుణకు మనసొప్పలేదు. చిన్నప్పుడు ఆ నూతి గట్టు మీదే కూర్చుని చదువుకుందట.

బందరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన నాకు ఆవేశం వచ్చింది. కంటికి ఆనని ఇనుప రేణువులు, నానో పొడి అంటారు, నీటిలోని రసాయనపు రంగును విరిచేస్తాయి. కాలేజీ ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్‌లో రంగు కలిపి సుగుణకు చూపించాను. చూస్తుండగానే తేటపడింది!

ఇద్దరం బయలుదేరే ముందు సుగుణ సంచీ మూస్తూ, "ఆ నూతి నీళ్ళతో చేసి చూశారా?" అంది.

"నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే!" అన్నాను. జీవితమంతా పాఠాలు చెప్పినవాడి మాట అది.

పెడనలో ట్రాక్టరు సిద్ధంగా ఉంది. గాజు సీసాలో నూతి నీళ్ళు పట్టి, పొడి వేసి కలిపాను. నల్లబడ్డాయి.

"తేటపడతాయన్నారు కదా బావగారూ?" అన్నాడు వీర్రాజు.

"డోసు చాలలేదు," అని ఇంకొంచెం వేశాను. కాటుకలా తయారైంది. అయినా వెనక్కి తగ్గక సీసాను గట్టిగా కుదిపాను. మూత బిగించలేదు! చొక్కా, పంచె, సర్వం నలుపు.

అప్పుడు తట్టింది. అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. మిగిలినవి తరతరాలుగా ఆ పెరట్లోనే పారబోశారు. ఆ కరక్కాయ వగరు, కుళ్ళిన ఆకుల సారం రేణువులకు తొడుగులా పట్టేసి, వాటిని రంగు దాకా పోనివ్వలేదు. పైగా కరక్కాయకు ఇనుము తగిలితే నలుపు! ఆ ఇంట్లో నల్ల రంగు వేసే పద్ధతే అది. ఆ ఇంటి అల్లుణ్ణి నేను.

వీర్రాజు నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు. "ఎరుపు మా దగ్గరుంది, నలుపు బావగారు తెచ్చారు. ఇక చీర అద్దేయడమే!"

సుగుణ నవ్వలేదు. "కాలేజీలో ఈ పొడి పనిచేయడం నా కళ్ళతో చూశానురా. ముందు ఈ వగరు తీసి, మళ్ళీ చేస్తారు. కొన్నాళ్ళు ఆగు."

"నీ కోసం ఆగుతానక్కా. ఆయనకు మాత్రం ఈసారి తెల్లబట్టలు ఇవ్వకు."

ట్రాక్టరు మట్టితోనే వెనక్కి వెళ్ళింది. నుయ్యి ఇంకా పూడలేదు. నా ప్రయోగమూ పూర్తి కాలేదు.

ఇంటికొచ్చాక సుగుణ మరకలకు నిమ్మచెక్క రుద్దింది. ఆ వారంలోనే ఆస్పత్రిలో చేరింది. అంతకు ముందు మేమిద్దరం కలిసి చేసిన చివరి పని ఆ పంచె పిండటం. చెరో కొసా పట్టుకున్నాం. ఎదురెదురుగా నిలబడి నేను నా కుడికి తిప్పుతుంటే ఆమె తన ఎడమకు తిప్పింది; పంచె మొత్తం ఒకే వైపు తిరిగింది. ఎంతసేపటికీ చుక్క నీరు రాలలేదు.

"మాస్టారూ, మీరు కదలకుండా పట్టుకోండి చాలు," అంది.

కదలకుండా పట్టుకున్నాను. ఆమె తిప్పింది.