ఆఖరి పేరు దాకా

సినిమా అయిపోయాక తెర మీద పేర్లన్నీ వెళ్లిపోయేదాకా మా మామయ్య కుర్చీలోంచి లేవడు. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లోనూ బంగారం లాంటి మనిషి. వృత్తికి టైలరు. చెప్పిన తారీఖుకి బట్టలు కుట్టి ఇచ్చే టైలరు అంటే, ఎంత బంగారమో మీరే ఊహించుకోండి.

ఊరికే కూర్చుంటే సరిపెట్టుకునేవాణ్ణి. ఆ పేర్లు పైకి చదువుతాడు. చదివి, ప్రతి పేరుకీ "బావుంది నాయనా" అంటాడు. ఆడపేరైతే "బావుందమ్మా" అంటాడు. ఆడో మగో తేలని పేరైతే ఒక్క క్షణం ఆగి, "బావుంది, బావుంది" అని ఎటూ చెందకుండా రెండుసార్లు అంటాడు. పైగా ఆయన చూసేవన్నీ సూపర్‌హీరో సినిమాలు. వాటిలో లోకాన్ని రక్షించేది ఒక్కడే గానీ, ఆ ఒక్కణ్ణి గాల్లో నిలబెట్టడానికి రెండువేలమంది కావాలి. పేర్లు గబగబా పైకి పోతూంటే ఆయన నోరు వాటి వెంట పరిగెత్తేది.

"అయ్యో, ఎడమవైపు నాలుగోవాడు జారిపోయాడ్రా అల్లుడూ!" అనేవాడు, బొత్తాం చేతిలోంచి జారి బీరువా కిందకి దొర్లిపోయినట్టు.

హాలు ఊడ్చే ఆవిడ చీపురు నేలకి ఆనించి మా వరుస చివర నిలబడేది. "ఇంకా ఎంతమందయ్యా?"

"అయిపోవచ్చారమ్మా. లైట్లవాళ్లు వెళ్లారు. బట్టలవాళ్లు రావాలి."

బట్టలవాళ్లు వచ్చేసరికి జేబులోంచి కొలతల పుస్తకం తీసి, వెనక పేజీల్లో వాళ్ల పేర్లు రాసుకునేవాడు. కత్తిరించినవాళ్లు, రంగులద్దినవాళ్లు, కుట్టినవాళ్లు. ఈ సినిమాల్లో సగం బట్ట అసలు బట్టే కాదు, కంప్యూటర్లో కదిలించిన బొమ్మ. వాళ్లనీ వదిలేవాడు కాదు. "సూది లేకుండా కుడుతున్నార్రా వీళ్లు! మనకి చాతనవుతుందా?" అని ఆశ్చర్యపోయేవాడు. బయట మెట్ల మీద నా స్నేహితులు ఎదురుచూస్తూ ఉండేవాళ్లు. నేను మాత్రం, ఈ పెద్దమనిషెవరో నాకు తెలియదన్నట్టు, రెండు కుర్చీలు వదిలి జరిగి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. అప్పట్లో సిగ్గంతా ఆయన వల్లే అనుకునేవాణ్ణి.

మా స్నేహితబృందంలో ముగ్గురం. నేను అచ్చాఫీసులో ప్రూఫుల్లో తప్పులు దిద్దుతాను. రెండోవాడు లిఫ్టు మెకానిక్కు. మూడోవాడు మందులషాపు నడుపుతాడు. ఆదివారం పొద్దున్న మామయ్య దుకాణంలో బట్టలు కత్తిరించే బల్ల చుట్టూ కూర్చుని ఏ సూపర్‌హీరో గొప్పో వాదించుకునేవాళ్లం. నేనూ మెకానిక్కూ పిడుగు దొర పక్షం. మందులషాపతను రాగి రాణి పక్షం.

"రాణి ఒక్క చూపు చూస్తే మీ దొర కరిగి కారిపోతాడు."

"చూడ్డానికి ముందు ఆవిడ కళ్లు తెరవాలిగా. ఆ అతికించిన రెప్పల బరువుకి అవి తెరుచుకోవడానికే అరగంట."

"నువ్వు మా రాణి రెప్పల జోలికి రాకు!"

మామయ్య మిషను తొక్కుతూనే అడిగేవాడు: "ఇంతకీ ఆ రెప్పలు అతికించిందెవరు?"

ఎవరికీ తెలిసేది కాదు. "అదీ మీ సంగతి," అని దారం కొరికేవాడు.

నేను నోటితో వాదించి ఊరుకునే రకాన్ని కాదు. 'తప్పొప్పులు' అని ఇంటర్నెట్లో నాకో పేజీ ఉండేది. సినిమాల్లో దొర్లిన తప్పులు పట్టుకుని రాసేవాణ్ణి. తొమ్మిదివేలమంది చదివేవాళ్లు. ఆఫీసులో రోజంతా ఇతరుల తప్పులు దిద్ది జీతం తీసుకోవడం, ఇంటికొచ్చి అదే పని ఊరికే చేయడం. అంత ఇష్టం నాకు.

పిడుగు దొర మూడో భాగం వచ్చింది. అందులో విలను ముప్ఫయ్యో అంతస్తులో లిఫ్టు తాడు తెంపేస్తాడు. లిఫ్టు లోపల దొర. మెడకి కట్టి వీపున వేలాడేసిన ఎర్ర గుడ్డ, అదే కేప్. ఆ కేప్ మెల్లగా లేచి ఆయన తల మీదుగా తేలుతుంది. నాకు పండగైపోయింది. "తలుపులు మూసిన లిఫ్టులో గాలి ఎక్కణ్ణించి వచ్చింది? దొరవారు టేబులు ఫ్యాను చంకలో పెట్టుకొచ్చారా?" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఈ పని ఎవరు చేశారో పేరు కూడా వేస్తే ఇంకా రక్తి కడుతుందనిపించింది. మామయ్య టీకి వెళ్లిన సమయంలో కొలతల పుస్తకం తీసి వెనక పేజీ చూశాను. 'కేప్ కదలిక' అని రాసి, పక్కన ఒకే ఒక్క పేరు. కింద రెండు గీతలు. ఆడపేరు. ఎత్తి నా వ్యాసంలో పెట్టాను.

మూడు రోజుల్లో నాలుగువేల లైకులు వచ్చాయి. ఎవరో ఆవిడ ఫొటో వెతికి పట్టుకుని, తల మీద టేబులు ఫ్యాను అతికించారు. ఇంకెవరో ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యమని ఆవిడ పనిచేసే కంపెనీకి రాయండర్రా అని పిలుపునిచ్చారు. నేను రాజులా తిరిగాను.

ఆదివారం మందులషాపతను ఆ వ్యాసాన్ని దుకాణంలో పైకి చదివాడు, నవ్వుతూ, తొడ చరుచుకుంటూ. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి మామయ్య మిషను ఆగింది.

"ఆ పేరు నీకెలా తెలిసిందిరా?"

"నీ పుస్తకంలో చూశా మామయ్యా."

ఆయన మెకానిక్కు వైపు తిరిగాడు. "ఏమయ్యా, లిఫ్టు తాడు తెగితే లోపలున్నవాడు ఏమవుతాడు?"

"తెగదండీ టైలరుగారూ. అడుగున బ్రేకులు ఉంటాయి. అసలు నా అభ్యంతరమే అది."

"బ్రేకులు కూడా పోయాయనుకో."

"అప్పుడు పడతాడు. లిఫ్టూ, వాడూ కలిసే పడతారు. వాడికి బరువే తెలీదు. జేబులో తాళాలున్నా గాల్లో తే..."

అక్కడ ఆగిపోయాడు. ఇరవయ్యేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. నా వ్యాసానికి మొట్టమొదటి లైకు కొట్టింది కూడా అతనే.

"నేను తాడు వంక చూస్తూ ఉండిపోయానండీ," అన్నాడు చిన్న గొంతుతో.

మామయ్యకి మాటలతో తృప్తి కలగలేదు. లైనింగు గుడ్డ రెండు గజాలు మెడకి ముడేసుకుని, కత్తెర పక్కకి జరిపి, బల్ల ఎక్కాడు. అరవై రెండేళ్లు.

"మామయ్యా, దిగు!"

"దిగుతున్నా, చూడు," అని దూకాడు.

గుడ్డ నిలువునా లేచింది. లేచి ఆయన తలని కప్పేసింది. ఆయన వెళ్లి బొత్తాల డబ్బా మీద పడ్డాడు. మూడు సైజుల బొత్తాలు దుకాణమంతా దొర్లాయి. గుడ్డ లోపల్నించి గొంతు వినిపించింది.

"లేచిందా?"

"లేచింది మామయ్యా."

"ఫ్యాను ఉందా?"

"లేదు మామయ్యా."

"సరే అయితే. నన్ను లేపండి. కాలు మడతపడింది."

తప్పు నాదని ఆ క్షణమే తెలిసింది. కానీ వ్యాసం తీసెయ్యలేదు. నాలుగువేలు అయిదువేలయ్యేలా ఉన్నాయి. ఇంకో రెండు రోజులు ఉంచాను. ఈ మొత్తం కథలో నాకు ఇప్పటికీ గొంతు దిగనిది ఆ రెండు రోజులే. తర్వాత తీసేశాను గానీ, అప్పటికి అది ఎన్ని చోట్లకి పాకిందో లెక్క లేదు.

నెల తిరక్కుండా రాగి రాణి రెండో భాగం వచ్చింది. మామయ్య కాలికి కట్టుతోనే మధ్యాహ్నం ఆటకి వచ్చాడు. సినిమా అయింది. తెర నల్లబడి మొదటి పేరు పైకి వచ్చింది. మామయ్య లేచి నిలబడ్డాడు.

"పద."

"పేర్లు వస్తున్నాయి మామయ్యా."

"వస్తే రానీలే."

హాలు ఊడ్చే ఆవిడ తలుపు దగ్గరే కంగారుపడింది. "అదేంటయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా. నీ పని నువ్వు చేసుకో." కుంటుకుంటూ మెట్లు దిగాడు. ఏళ్ల తరబడి నేను కోరుకున్నది ఇదే: అందరితోపాటు లేచి, అందరితోపాటు బయటికి నడిచే మామయ్య. దిగుతూ నేనే రెండుసార్లు వెనక్కి తిరిగి హాలు తలుపు వంక చూశాను.

మెట్ల చివర ఆయనే అన్నాడు. "పేరు రాసుకుంటే మెచ్చుకోడానికేరా అనుకున్నా ఇన్నాళ్లూ. మనిషిని పట్టుకుని కొట్టడానికి కూడా పనికొస్తుందని నాకు తెలీదు."

ఆ తర్వాత కొలతల పుస్తకంలో కొలతలే మిగిలాయి.

నాకు తోచిన పని నేను చేశాను. పేజీలో సవరణ వేశాను. తప్పు: లిఫ్టులో కేప్ తేలడం. ఒప్పు: తేలడమే సరి, వ్యాసకర్త బుర్ర పెట్టి చూడలేదు. అది చదివినవాళ్లు నలభైమంది. వాళ్లలో ముప్ఫైమంది నన్ను తిట్టారు. రాగి రాణి పక్షానికి అమ్ముడుపోయానని ఒకడు తేల్చేశాడు. మెకానిక్కు ఒక్కడే నిజాయితీగా నాలుగు పేరాలు రాశాడు, అందులో మూడు పేరాలు బ్రేకుల గురించి.

తర్వాత ఆవిడకే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. వారం పట్టింది. అది పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"మామయ్యా, ఆ కంపెనీ చిరునామా ఎక్కడ దొరుకుతుందో..."

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. వంగి, మిషను కింద నుంచి అట్టపెట్టె లాగాడు. చొక్కాలు పెట్టే పెట్టె. నిండా ఉత్తరాలు. పదకొండేళ్లుగా, బట్టలవాళ్ల పేర్లు రాసుకున్నది వాళ్లకి ఉత్తరాలు రాయడానికట. ప్రతివాళ్లకీ వాళ్ల పనిలో ఒక్క విషయం చూసి, అది ఎందుకు బాగుందో రాసేవాడట. కాలరు తిరిగిన తీరు, మోచేతి దగ్గర మడత, పాత కోటుకి అరిగిన అంచు. నలభై పైచిలుకు జవాబులు వచ్చాయి. ఒక్కనాడూ మా వాదనల్లో ఈ ముక్క ఎత్తలేదు.

"చిరునామా ఎందుకులే. జవాబే వచ్చింది," అని పైనున్న ఉత్తరం నా చేతిలో పెట్టాడు.

"దర్జీగారికి నమస్కారం," అని రాసింది ఆవిడ. "మీ ఉత్తరం వచ్చిననాటికి నా రాజీనామా రాసి సొరుగులో పెట్టుకుని ఉన్నాను. కేప్ ఎడమ అంచు కుడి అంచు కన్నా ఆలస్యంగా లేచింది ఎందుకమ్మా అని మీరు అడిగారు. మొదటి భాగంలో దొర తల్లి ఆ అంచులో ఇంటి తాళంచెవి పెట్టి కుడుతుంది. ఆ సంగతి తర్వాత దర్శకుడు కూడా మరిచిపోయాడు. నేను మరవక ఆ అంచుకి బరువు పెట్టాను. మీరు తప్ప ఎవరూ చూడలేదు. రాజీనామా చింపేశాను."

నా చెవులు ఇస్త్రీపెట్టెలా కాలుతున్నాయి. కింద ఇంకా ఉంది.

"ఆ వ్యాసం రాసింది మీ అక్కగారి అబ్బాయేనని, మంచివాడేనని, తప్పులు వెతకడం వృత్తి కావడంతో చెయ్యి ఊరుకోక రాశాడని మీరు రాశారు. మీ మాట మీద నమ్ముతున్నాను. అయితే ఆయనకి ఒక సంగతి చెప్పండి. లిఫ్టు తర్వాతి సీనులో కేప్ రెండు క్షణాలపాటు దొర భుజంలోకి దూరి అవతలికి వచ్చింది. అది నిజంగా నా తప్పే. ఆయన పేజీ చదివే తొమ్మిదివేలమందిలో ఒక్కరూ పట్టుకోలేదు. ఆయన ప్రూఫులు ఇంకాస్త జాగ్రత్తగా చూడాలేమో."

"ఎప్పుడు రాశావు మామయ్యా ఆవిడకి?"

"ఆ ఆదివారమే. కాలు వేణ్ణీళ్లలో పెట్టుకుని."

"నా తరఫున నువ్వే క్షమాపణ చెప్పేశావా?"

"నీ తరఫున చెప్పలేదు. నువ్వు చెప్తావని చెప్పా. నీకు ప్రతిదీ కాస్త ఆలస్యం. నెలలు నిండి పదిరోజులైనా బయటికి రాలేదని మా అక్క ఇప్పటికీ అంటుంది. ఏదీ, ఇలా తే."

నా ఉత్తరం తీసుకుని మొదటి వాక్యం చదివాడు. "'జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను.' జరిగిందా, చేశావా? కుట్టు విప్పి మళ్లీ కుట్టు."

మూడుసార్లు విప్పించాడు. నాలుగోసారి పోస్టులో వేశాం.

రెండేళ్లకి పిడుగు దొర నాలుగో భాగం వచ్చింది. మధ్యాహ్నం ఆట. సినిమా అయ్యాక మామయ్య అలవాటు కొద్దీ, అంటే ఆ కొత్త అలవాటు కొద్దీ, లేవబోయాడు. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన జేబులోంచి కొలతల పుస్తకం లాగి, వెనక పేజీ తిప్పి నా మోకాలి మీద పెట్టుకున్నాను.

"ఎడమవైపు నువ్వు, కుడివైపు నేను," అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "బావుంది నాయనా" అన్నాడు, మొదటి పేరుకో నాకో తెలియలేదు. హాలు ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పడేసి ముందు వరుసలో కూలబడింది. "ఇన్నాళ్లూ ఈ పిచ్చి ఒక్కరికే అనుకున్నా," అంది.

లైట్లవాళ్లు వెళ్లారు. బట్టలవాళ్లు వచ్చారు. కుడివైపున, పైనుంచి మూడో వరుసలో, కేప్ కదిలించిన ఆవిడ పేరు.

"బావుందమ్మా!" అని అరిచాను.

మామయ్య నా మోచేతి మీద గట్టిగా గిల్లాడు. "మెల్లగా అనరా! అందరూ చూస్తున్నారు. సిగ్గు లేదూ?"

హాల్లో మేమిద్దరం, ఊడ్చే ఆవిడా తప్ప ఎవరూ లేరు.